ఔను, ట్వైలైట్ నాకు పసంద్

పోయిన నెల మా చిన్నమామూ వాళ్లింట్లో మనవడి అఖీఖా. మగవాళ్ల దస్తర్‌ఖాన్ ఎత్తేశారు, ఆడవాళ్లకు ఇంకా పరవలేదు. ఆ మధ్యలో దొరికిన అరగంటలో మా ఆపా కూతురు లోపలి గదిలో పరుపుల దొంతర మీద కూచుని ఒక లావుపాటి కితాబ్ చదువుకుంటోంది. నల్ల అట్ట. దాని మీద రెండు తెల్లని చేతులు, చేతుల్లో ఎర్రని యాపిల్ పండు. తెలిసినవాళ్లకు ఆ అట్ట చాలు, పేరు చదవక్కర్లేదు. స్టెఫనీ మేయర్ రాసిన 'ట్వైలైట్'.

మామూ అత్తరు సీసా కోసం ఆ గదిలోకి వచ్చారు. పిల్ల చేతిలోంచి కితాబ్ తీసుకుని వెనకట్ట చదివారు. "ఖూన్ పీనేవాలే షైతాన్‌తో ఇష్కా? ఇంటర్ రెండో సంవత్సరంలో నువ్వు చదివే చదువు ఇదేనా బేటీ?" అని నలుగురూ వినేలా అడిగి, దాన్ని అల్మరాలో పెట్టి తాళం వేశారు. పరీక్షలయ్యాక ఇస్తారట. గదిలో ఉన్న ఆడవాళ్లంతా నవ్వారు. పిల్ల కూడా నవ్వింది, కళ్లనీళ్లు కనపడకుండా నవ్వే నవ్వు.

ఆ గదిలో నేనూ ఉన్నాను. నేనూ నవ్వాను.

అదీ నా గునాహ్. ఎందుకంటే ఆ కితాబ్ నాకు పంచప్రాణాలు. 2009 నుంచి ఇప్పటిదాకా అయిదారుసార్లు చదివి ఉంటాను. దాని సినిమా ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు. బయట వాన పడుతూ, ఇంట్లో ఎవరూ లేకుండా, చాయ్ వేడిగా ఉంటే ఇప్పటికీ పెట్టుకుని చూస్తాను. ఆ సంగతి మా ఖాందాన్‌లో ఒక్కరికీ తెలియదు. తెలిస్తే ఏమవుతుందో ఆ రోజు ఆ గదిలో చూశాను కాబట్టే నోరు మెదపలేదు.

వారం తర్వాత మనసాగక ఒక సాహితీ మిత్రుడితో చెప్పుకున్నాను. మంచి కవి, పక్కా తరఖ్ఖీపసంద్, ఆడపిల్లల చదువు గురించి ఎన్ని తక్రీర్లు ఇచ్చాడో. అంతా విన్నాడు. "మీ మామూ చేసింది జుల్మే. కానీ పోయింది మంటో పుస్తకమేం కాదు కదా! ఆ చెత్త కోసమా ఇంత బాధ?" అని నవ్వాడు.

మామూ నవ్వు, మిత్రుడి నవ్వు పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. ఒకరు ఐదు పూటలా నమాజీ, ఇంకొకరు మస్జిద్ గడప తొక్కి ఇరవయ్యేళ్లయింది. ఏ విషయంలోనూ కలవని ఈ ఇద్దరూ పదిహేడేళ్ల పిల్లకు నచ్చిన పుస్తకం మీద మాత్రం ఒకే రకంగా నవ్వారు. ఈ రాత ఆ ఇద్దరికీ జవాబ్. నాకు కూడా.

ముందు తెలియనివాళ్ల కోసం కిస్సా చెబుతాను. అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం, ఫోర్క్స్ అనే చిన్న ఊరు. ఏడాదిలో ఎక్కువ రోజులు వానే. అక్కడి పోలీసు చీఫ్ చార్లీ. తలాక్ అయిన మనిషి, ఒంటరి. కూతురు బెల్లా పదిహేడేళ్లది, అంతదాకా అమ్మ దగ్గర ఎండల ఊళ్లో పెరిగి తండ్రి దగ్గరకు వస్తుంది. స్కూల్లో ఎడ్వర్డ్ కల్లెన్ అనే అబ్బాయి. చూడ్డానికి పదిహేడే, కానీ 1918లో షికాగోలో స్పానిష్ ఫ్లూతో చావబోతుంటే కార్లైల్ అనే డాక్టర్ కొరికి వాంపైర్‌ని చేశాడు. అప్పటినుంచి వయసు ఆగిపోయింది. వీళ్ల కుటుంబం మనుషుల రక్తం తాగదు, అడవిలో జంతువుల మీద బతుకుతుంది. తమను తాము వేళాకోళంగా శాకాహారులమని చెప్పుకుంటారు. (మన లెక్కలో ఏ రక్తమైనా హరామే కాబట్టి వాళ్ల శాకాహారానికి హలాల్ సర్టిఫికెట్ ఇవ్వలేం. అది వేరే బహెస్.) ఆ అబ్బాయికి ఈ అమ్మాయి రక్తం వాసన అన్నిటికన్నా ఎక్కువగా తగులుతుంది. మనసు కూడా ఆమె మీదికే పోతుంది. దగ్గరకు వస్తే చంపేస్తానేమో, దూరం పోతే ఉండలేను. ఇంతే కథ.

మేయర్‌కు ఇది 2003 జూన్‌లో ఒక ఖ్వాబ్‌గా వచ్చిందట. ముగ్గురు చిన్నపిల్లల తల్లి, ఉద్యోగం లేదు, అంతకుముందు ఏమీ అచ్చు కాలేదు. పిల్లల పనుల మధ్య మూడు నెలల్లో రాసేసింది. 2005లో పుస్తకం, 2008లో సినిమా. మొత్తం నాలుగు నవలలు కలిపి 10 కోట్ల ప్రతులకు పైగా అమ్ముడయ్యాయి. అంతమంది చదివినదాన్ని ఎవరికీ నచ్చనిది అనడం కుదరదు. కానీ తమాషా చూడండి, నచ్చిందని పైకి చెప్పేవాళ్లు దొరకరు. కొన్నది కోట్లమంది, తిట్టింది కోట్లమంది. మధ్యలో నాలాంటివాళ్లు ముసుగు కప్పుకుని చదివారు.

మా మామూ ఎతరాజ్ ముందు చూద్దాం. షైతానీ కితాబ్ అన్నారు. మామూజాన్, మీ చిన్నప్పుడు మీ అమ్మీ, అంటే మా నానీమా, కరెంటు పోయిన రాత్రుల్లో మనందరికీ అలిఫ్ లైలా చెప్పేవారు కదా. అందులో సీదీ నూమాన్ కిస్సా గుర్తుందా? కొత్త పెళ్లికూతురు అన్నం మెతుకులు ఒక్కొక్కటి పుల్లతో ఏరుకుని తింటుంటే మొగుడికి షక్ వచ్చి రాత్రి వెంట వెళ్తాడు. ఆమె ఖబరస్తాన్‌లో ఘూల్‌తో కలిసి శవాన్ని తింటూ ఉంటుంది. ఆ కథ విన్న రాత్రి మనలో ఒక్కరం ఒంటరిగా బయటకు పోలేదు. ఎవరి ఈమాన్ కూడా పాడవలేదు. ఇంగ్లీషువాళ్లు శవాలు తినే భూతానికి వాడే 'ఘూల్' అనే మాట అరబీ నుంచి వెళ్లిందే. తిలిస్మే హోష్‌రుబా నిండా జాదూగర్లే, దాన్ని లక్నోలో నవల్ కిషోర్ ప్రెస్ సంపుటాలు సంపుటాలుగా అచ్చేసింది. లాహోర్‌లో 1967లోనే డ్రాక్యులాను 'జిందా లాష్' పేరుతో సినిమా తీశారు. భయం పుట్టించే కథలు మన ఇళ్లలో ఎప్పుడూ ఉన్నాయి. ఇప్పుడు కొత్తగా వచ్చిన ఖతరా ఏమిటంటే, ఆ కథను ఒక ఆడపిల్ల ఒంటరిగా, మౌనంగా, తనంతట తను చదువుకోవడం.

ఉర్దూ మీడియంలో చదివినవాళ్లకు డిప్టీ నజీర్ అహ్మద్ పేరు చెప్పక్కర్లేదు. 1869లో 'మిరాతుల్ ఉరూస్' రాశారు, అదీ తన కూతుళ్లు చదువుకోవడానికి. ఆడపిల్లలకోసమే రాసిన ఆ పుస్తకంతోనే ఉర్దూ నవల మొదలైందంటారు. తర్వాత ఆయనే 'తౌబతున్నసూహ్' రాశారు. అందులో నసూహ్ అనే తండ్రి కలరా వచ్చి చావు అంచుదాకా వెళ్లి బతికి, ఇంటిని దారిలో పెట్టాలనుకుని, పెద్దకొడుకు కలీమ్ పుస్తకాలన్నీ తగలబెడతాడు. స్కూల్లో ఆ ఘట్టం గురించి ఉస్తాద్ చెబుతున్నప్పుడు మా క్లాసులో సగంమందికి నసూహ్ మీద గౌరవం కలిగింది, నాకు మాత్రం పుస్తకాల మీద ఏడుపొచ్చింది. సరే, ఆ తర్వాత? మన ఇళ్లలో పెళ్లికూతురికి జహేజ్‌లో పెట్టే 'బెహెష్తీ జేవర్' తీసి చూడండి. ఆడవాళ్లు చదవకూడని కితాబుల జాబితా ఉంటుంది. నవలలు వద్దని ఉంటుంది. ఆ జాబితాలో నజీర్ అహ్మద్ గారి పుస్తకాలూ ఉన్నాయి, కూతుళ్ల కోసం రాసిన ఆ మిరాతుల్ ఉరూస్‌తో సహా! మౌలానా గారి ఇల్మ్ మీద నాకు గౌరవమే. కానీ పుస్తకాలు తగలబెట్టిన తండ్రిని హీరో చేసిన రచయిత పుస్తకాలే ముప్ఫై నలభై ఏళ్లలో వద్దన్న జాబితాలోకి ఎక్కాయి. ఇవాళ అదే మిరాతుల్ ఉరూస్‌ను పిల్లలు పాఠంగా చదువుకుంటున్నారు. ఈ వరసలో మామూ అల్మరా ఎక్కడొస్తుందో ఆయనే చెప్పాలి.

ఇక కథలో ఉన్నదేమిటో చూస్తే నిజంగా మామూ మెచ్చుకోవలసింది. డాక్టర్ కార్లైల్ సంగతే తీసుకోండి. పదిహేడో శతాబ్దపు లండన్‌లో ఒక పాదరీ కొడుకు. తండ్రి వాంపైర్లను వేటాడేవాడు, కొడుకును వాంపైర్ కొరికింది. తాను ఏమయ్యాడో తెలిశాక మనుషుల్ని చంపడంకన్నా తాను చావడమే మేలనుకున్నాడు. ఎత్తునుంచి దూకాడు, నీళ్లలో మునిగాడు, చావు రాలేదు. ఆకలితో మాడిపోదామని అడవిలో దాక్కున్నాడు. అక్కడ జింకల మంద ఎదురై, మనుషుల్ని ముట్టకుండా బతికే దారి ఉందని తెలుసుకున్నాడు. ఆ తర్వాత ఏం చేశాడు? డాక్టరయ్యాడు. రోజూ రక్తం ముందు నిలబడే పని. వందల ఏళ్లు అభ్యాసం చేసి, గాయం కుట్టేటప్పుడు చెయ్యి వణకని మనిషయ్యాడు. కొడుకు ఎడ్వర్డ్ మధ్యలో కొన్నేళ్లు తండ్రి మాట కాదని వెళ్లి, దుర్మార్గుల్నే కదా చంపుతున్నానని సర్దిచెప్పుకుంటూ మనుషుల్ని వేటాడాడు. తర్వాత తట్టుకోలేక తిరిగొచ్చి తలవంచాడు. మన భాషలో దీన్ని తౌబా అనరూ? ప్రతి జుమా ఖుత్బాలో మనం వినే నఫ్స్ సంగతి ఇది కాక మరేమిటి?

దీన్ని దీనీ కితాబ్ చేసేద్దామని కాదు నా ఉద్దేశం. మేయర్ మార్మన్ చర్చికి చెందిన మనిషి, ఆమె హయా ఆమె నేర్చుకున్న చోటునుంచి వచ్చింది. కానీ మూడో భాగంలో ఒక విచిత్రం ఉంది. అమ్మాయే తొందరపడుతుంది, అబ్బాయి 'ముందు నికా, తర్వాతే మిగతాది' అని మొండిగా కూచుంటాడు. అమెరికా పత్రికలు పడీపడీ నవ్వింది దీనికే. ఈ కాలంలో ఇంత పర్హేజా అని. అక్కడ హయా ఎక్కువైందని మజాక్, ఇక్కడ హయా లేదని తాళం. పాపం ఆ కితాబ్ ఎక్కడికి పోవాలి?

ఇప్పుడు మా అదబీ దోస్తుల వైపు. వీళ్లది అసలు పెద్ద పేచీ. భాష బాగాలేదంటారు. ఒప్పుకుంటాను. ఎడ్వర్డ్ అందం గురించి రెండు పేజీలకోసారి చెబుతుంది, అతని ముఖాన్ని పాలరాతితో పోల్చి పోల్చి ఆ రాయి అరిగిపోయింది. స్టీఫెన్ కింగ్ అంతటి మనిషి 2009లో, రౌలింగ్‌కు రాయడం వచ్చు, మేయర్‌కు రాదు అన్న అర్థంలో మాట్లాడాడు. కింగ్ కూడా పాపులర్ రచయితే, ఆయన్నీ అదబ్ దర్బారులోకి చాలాకాలం రానివ్వలేదన్నది వేరే సంగతి.

నా సంగతి వినండి. నేను పదో తరగతిదాకా ఉర్దూ మీడియం, డిగ్రీ తెలుగు. పేపర్ డెస్కులో చేరేనాటికి నా ఇంగ్లీషు ఎంతంటే, ఏజెన్సీ వార్త తెలుగు చేయాలంటే చెమటలు. పక్కసీటువాళ్లు నా ఉచ్చారణ మీద నవ్వుకునేవాళ్లు. ఒక ఆదివారం ఆబిడ్స్ పుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో ఈ నల్ల అట్ట కనబడింది, బేరమాడి తెచ్చుకున్నాను. నా జిందగీలో మొదటి పేజీనుంచి చివరి పేజీదాకా చదివిన మొదటి ఇంగ్లీషు నవల అది. రాత్రి డ్యూటీ దిగి, పక్కన డిక్షనరీ పెట్టుకుని మొదలెట్టాను. యాభయ్యో పేజీకి డిక్షనరీ తియ్యడం మానేశాను, తర్వాత ఏమవుతుందో తెలియాలని తొందర. అంతకుముందు గొప్ప గొప్ప పేర్లున్న మూడు పుస్తకాలు మొదలెట్టి ఇరవయ్యో పేజీలో వదిలేసినదాన్ని. మీరు 'సులువైన చెత్త ఇంగ్లీషు' అన్నది నాకు దర్వాజా. ఆ దర్వాజా తెరుచుకున్నాకే మిగతా గదుల్లోకి వెళ్లాను. మా ఆపా కూతురు కూడా ఉర్దూ మీడియమే, ఇంటర్‌లో ఇంగ్లీషుకు మారి తంటాలు పడుతోంది. ఇప్పుడు అర్థమైందా తాళం దేనికి పడిందో?

తెలుగువాళ్లకు ఈ నవ్వు కొత్తదేం కాదు. యద్దనపూడి సులోచనారాణి గారి మీద ఎంత నవ్వారు! ఆరడుగుల హీరో, పెద్ద కారు, పొగరు, లోపల బంగారం లాంటి మనసు. 'సెక్రటరీ'లో రాజశేఖరం కోసం ఒక తరం ఆడవాళ్లు అద్దె పుస్తకాల షాపుల ముందు నిలబడ్డారు. మా ఇంట్లో తెలుగు రాని మా ఖాలా, 'పాకీజా ఆంచల్' తప్ప ఇంకేమీ చదవని ఖాలా, పక్కింటి కామాక్షమ్మ గారి చేత 'సెక్రటరీ' కథ సాయంత్రాలు చెప్పించుకునేది. బదులుగా ఆమెకు ఉర్దూ డైజెస్ట్ కథలు చెప్పేది. ఎడ్వర్డ్ తన వెండిరంగు వోల్వోలోంచి దిగినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది రాజశేఖరమే. విమర్శకులు ఆ నవలల్ని కలల బేరం అన్నారు. ఆడవాళ్లను పగటికలల్లో పడేస్తున్నాయన్నారు. ఖాలా మా కన్నా బాగా నిద్రలేచే మనిషి. ఎనిమిదిమంది సంసారం ఒంటిచేత్తో లాగింది. ఆమెకు ఆ సాయంత్రపు అరగంట ఎందుకు కావాల్సొచ్చిందో ఒక్క విమర్శకుడూ అడగలేదు.

అదే మగపిల్లల సరదాలైతే? హీరో ఒక్కడే నలభైమందిని గాల్లోకి లేపి కొడతాడు, సుమోలు ఎగురుతాయి. అది చూసి ఈలలేసిన కుర్రాణ్ని ఎవరూ పక్కకు పిలిచి 'నీ అభిరుచి ఇలా ఉందేంటి బాబూ' అని అడగరు. మా మిత్రుడే ఆ సినిమాల మీద 'మాస్ సౌందర్యశాస్త్రం' అంటూ వ్యాసం రాశాడు. 2009లో అమెరికాలో కామిక్‌కాన్ జాతరకు ట్వైలైట్ అభిమానులైన ఆడపిల్లలు వేలల్లో వస్తే, ట్వైలైట్ మా జాతరను నాశనం చేసిందని అట్టలు పట్టుకుని నిలబడ్డవాళ్లున్నారు. గబ్బిలం వేషాలు వేసుకుని తిరిగే పెద్దమనుషులకు, పోస్టర్ చూసి అరిచే పిల్లలు సిగ్గులేనివాళ్లుగా కనిపించారు.

సినిమా గురించి ఇంకా అన్యాయం. క్యాథరిన్ హార్డ్‌విక్ తీసింది. 3 కోట్ల 70 లక్షల డాలర్ల ఖర్చు, హాలీవుడ్ లెక్కలో చిన్న సినిమా. దాదాపు 40 కోట్ల డాలర్లు తెచ్చింది. స్క్రిప్టు కూడా ఆడమనిషే, మెలిసా రోజెన్‌బర్గ్. నవల రాసింది ఆడమనిషి, స్క్రీన్‌ప్లే ఆడమనిషి, డైరెక్టర్ ఆడమనిషి. మనకు 1973లో యద్దనపూడి 'మీనా'ను విజయనిర్మల సినిమా తీసినప్పుడు కుదిరిన లాంటి జోడీ అది. తర్వాత వచ్చిన నాలుగు ట్వైలైట్ సినిమాలకూ డైరెక్టర్లు మగవాళ్లే, డబ్బు ఎక్కువే, కానీ ఆ మొదటి సినిమా వాతావరణం ఒక్కదానిలోనూ రాలేదు.

ఏముంది అందులో? తడిసిన అడవి, నీలం ఆకుపచ్చ కలిసిన వెలుగు, మాట పూర్తిచేయలేని ఇద్దరు కుర్రవాళ్లు. బయాలజీ ల్యాబ్ సీను చూడండి. బెల్లా ఫ్యాన్ ముందునుంచి నడుస్తుంది, గాలి ఆమె మీదుగా అతని వైపు వీస్తుంది, ఎడ్వర్డ్ ముక్కు మూసుకుని బెంచీ పట్టుకుంటాడు. అతని వెనకాల గడ్డి కూరిన తెల్లగుడ్లగూబ రెక్కలు విప్పి ఉంటుంది, సరిగ్గా అతని భుజాలకు రెక్కలు మొలిచినట్టు. ఫరిష్తానో షైతానో తేల్చుకోమని అమ్మాయికీ మనకూ ఒకేసారి చెప్పేసింది, ఒక్క డైలాగ్ లేకుండా. క్రిస్టెన్ స్టీవార్ట్ పెదవి కొరుక్కుంటుందని, తడబడుతుందని ఏళ్ల తరబడి వెక్కిరించారు. పదిహేడేళ్ల పిల్ల తడబడకుండా ఎలా మాట్లాడుతుందబ్బా? ఆ వెక్కిరించిన అమ్మాయే 2015లో ఫ్రాన్స్‌వాళ్ల సెజార్ అవార్డు తెచ్చుకుంది, అది అందుకున్న మొదటి అమెరికన్ నటి. ఆమె ఏమీ కొత్తగా మారిపోలేదు. చూసేవాళ్ల నజర్ మారింది.

చివరి సినిమాకు రాజీ అవార్డులు ఏడు వచ్చాయి. చెత్త సినిమాలకిచ్చే అవార్డులు. దాన్ని నేను వెనకేసుకు రాను. కంప్యూటర్‌లో చేసిన ఆ పసిపాప ముఖం చూస్తే నిజంగానే భయమేసింది, మొత్తం వాంపైర్ కథలో నన్ను భయపెట్టింది అదొక్కటే. నాలుగో నవల కూడా అంతే. నాకు పసంద్ అంటే ప్రతి ముక్కా పసంద్ అని కాదు కదా.

ఒక ఐబ్ మాత్రం నాకు గట్టిగా గుచ్చుకుంటుంది, దాన్ని విమర్శకులు తక్కువగా పట్టించుకున్నారు. కథలో తోడేళ్లుగా మారే క్విలియూట్ వాళ్లు కల్పన కాదు. ఫోర్క్స్ పక్కనే సముద్రం ఒడ్డున లా పుష్‌లో బతుకుతున్న అసలైన ఆదివాసీ తెగ. తోడేలు వాళ్ల పుట్టుక కథలో ఉంది. దాన్ని తీసుకుని మేయర్ తన ఇష్టమొచ్చినట్టు మార్చేసింది, పుస్తకాలకూ సినిమాలకూ వచ్చిన డబ్బుతో పోలిస్తే వాళ్ల చేతికి అందింది ఏమీ కాదు. వేరేవాళ్ల కథల్లో మనం ఎలా కనబడతామో తెలిసిన ముసల్మాన్లకు ఈ బాధ ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

ఇంకొకటి అసలు పెద్ద ఎతరాజ్. స్త్రీవాద మిత్రులు చేసేది. ఎడ్వర్డ్ ఆమెకు తెలియకుండా రాత్రిళ్లు గదిలోకొచ్చి నిద్రపోతుంటే చూస్తాడు. ఎక్కడికెళ్లిందో వెంటపడతాడు. మూడో భాగంలో ఆమె స్నేహితుడి దగ్గరకు వెళ్లకుండా ట్రక్కు పాడుచేస్తాడు. ఇది మొహబ్బతా, ఖైదా అని. నిజం, ఖైదే. ఇలాంటి మొగుళ్లను మన మొహల్లాల్లో చూస్తున్నాం. ఫోన్ చెక్ చేసేవాళ్లు, బురఖాలో వెళ్లినా ఎందుకాలస్యమైందని అడిగేవాళ్లు. నేను మొదటిసారి చదివినప్పుడు అది నాకు తట్టలేదు, ఇదీ ఒప్పుకుంటాను.

కానీ వినండి. ఆ అఖీఖాకు నాలుగు రోజుల ముందు మా పిల్ల నాకు ఫోన్ చేసింది. కితాబ్ సగంలో ఉందట. "ఖాలా, అంతా బాగుంది గానీ, ఆ అబ్బాయి కిటికీలోంచి రావడం నాకు నచ్చలేదు. ఆ పిల్ల ఎందుకు కోప్పడలేదు?" అంది. నాకు ముప్ఫై ఏళ్లు దాటాక కూడా తట్టని సంగతి దానికి పదిహేడేళ్లకే తట్టింది. అప్పుడు అరగంట మాట్లాడుకున్నాం. ఇష్టమున్నా అడగకుండా గదిలోకి రావచ్చా, కాపాడటానికీ కాపలా కాయటానికీ తేడా ఏమిటి, నీ ఫోన్ లాక్ ఎవరైనా అడిగితే ఏం చెబుతావు, ఇలా. ఇలాంటి మాటలు మన ఇళ్లలో తల్లీకూతుళ్లు మాట్లాడుకోరు. సబ్జెక్ట్ ఎలా ఎత్తాలో తెలియదు. ఇక్కడ ఎడ్వర్డ్ అడ్డమున్నాడు కాబట్టి ఇద్దరం ధైర్యంగా అతని మీద పెట్టి మాట్లాడుకున్నాం.

అఖీఖా తర్వాత నేనే ఫోన్ చేశాను. కితాబ్ సంగతి ఎత్తగానే "ఇప్పుడు అవన్నీ చదవట్లేదు ఖాలా" అంది. గొంతులో మర్యాద ఉంది, చనువు లేదు. నేనూ ఆ గదిలో నవ్వానని దానికి గుర్తుంది. అది చదవడం మానేసిందని నేను నమ్మను. ఫోన్‌లో చదువుతూ ఉంటుంది, దుప్పటి కింద. తేడా ఒక్కటే, ఇప్పుడు కిటికీలోంచి వచ్చేవాడి గురించి నన్ను అడగదు.

మామూజాన్, మీరు అల్మరాలో పెట్టి తాళం వేసింది దాన్ని. మిత్రమా, నువ్వు చెత్త అన్నది దాన్నే.

ఆ నవలలో నాకు అన్నిటికన్నా నచ్చే చోటు ఇష్క్‌ది కాదు, చార్లీది. కూతురితో నాలుగు మాటలు కూడా సరిగ్గా మాట్లాడలేని తండ్రి. ఒక రాత్రి గడ్డకట్టే చలి, రోడ్లన్నీ మంచు. పొద్దున్నే బెల్లా స్కూలుకు ట్రక్కు తీసుకెళ్తుంది, జారుతుందేమో అనుకుంటే ఎక్కడా జారదు. స్కూలు దగ్గర దిగి చూస్తే టైర్లకు గొలుసులు బిగించి ఉంటాయి. ఆమె లేవకముందే ఆయన లేచి, ఆ చలిలో వంగి బిగించి, చెప్పకుండా డ్యూటీకి వెళ్లిపోయాడు. బెల్లా గొంతు పూడుకుపోతుంది. ఆబిడ్స్‌లో కొన్న పుస్తకంలో ఆ పేజీ దగ్గర నాకు మా అబ్బా గుర్తొచ్చారు. నా మొదటి ఉద్యోగానికి బస్సెక్కించి, టికెట్టుకు కూడా డబ్బులు కండక్టర్‌కే ఇచ్చేసి, ఒక్క మాట చెప్పకుండా వెనక్కి తిరిగి వెళ్లిపోయిన మనిషి. వాంపైర్ కితాబ్‌లో నేను ఏడ్చింది అక్కడ.

రెండో భాగం 'న్యూ మూన్'లో ఎడ్వర్డ్ వదిలేసి వెళ్లిపోయాక పేజీ తిప్పితే 'అక్టోబర్' అని ఒక్క మాట, మిగతాదంతా ఖాళీ. తర్వాతి పేజీ 'నవంబర్'. తర్వాత 'డిసెంబర్', 'జనవరి'. నాలుగు నెలల గమ్‌ను ఒక్క వాక్యం లేకుండా చెప్పేసింది, ఆ రాయడం రాని మనిషి. ఆ కితాబ్ నా దగ్గరుంది. అట్ట చిరిగింది, టేపు వేశాను. మా పిల్లకు ఇస్తాను, కానీ మొదటి భాగం పూర్తికాకుండా రెండోది ఏం చదువుతుంది?

మామూజాన్, ఈ శుక్రవారం జుమా నమాజ్ అయ్యాక మీ ఇంటికి వస్తున్నాను. పిల్లను కూడా వెంటబెట్టుకుని వస్తాను. మామీకి చెప్పండి, ఖానా ఏమీ చేయొద్దని, చాయ్ చాలు. అల్మరా తాళంచెవి మాత్రం బయట పెట్టి ఉంచండి.